పగటి చప్పుళ్ళు

ఆ సాయంత్రం కాలేజీలో ఎవరికీ ఎవరూ తెలియదు. తెలుసుకునే తీరిక ఉంటే కదా! పొద్దంతా ఎక్కడో ఒళ్ళు వంచి, వంచిన నడుము సరిగా నిటారు కాకముందే బస్సు పట్టుకుని వచ్చి బెంచీ మీద కూలబడేవాళ్ళు వాళ్ళు. మేష్టారు బోర్డు మీద కరెంటు బొమ్మలు గీస్తుంటే సగం మంది కళ్ళు తెరిచే నిద్రపోయేవాళ్ళు. గంట కొట్టగానే బస్సు కోసం పరుగు. పక్కవాడికి పెన్ను ఇవ్వడం, మళ్ళీ అడిగి పుచ్చుకోవడం వరకూ నేర్చుకున్నారు. వాడు పగలంతా ఏం చేస్తాడో అడగడం మాత్రం ఎవరికీ తోచలేదు.

రెండో బెంచీలో కూర్చునే ఒకామెకి ఇది గొంతులో వెలక్కాయలా ఉండేది. ఆమెను అందరూ ఎందుకమ్మ అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వాడకంలో లేదు. మాటలు వచ్చిన నాటి నుంచీ కనబడినవాళ్ళనల్లా "ఎందుకు?" అని పీక్కుతింటుంటే వాళ్ళ అక్క విసిగిపోయి తగిలించిన పేరది. అక్క తిట్టు అనుకుని పెట్టింది. ఈమె బిరుదు అనుకుని ఉంచుకుంది.

పగలు ఎందుకమ్మ లాండ్రీలో పని చేసేది. లాండ్రీ అంటే వీధి మొగలో ఇస్త్రీ బల్ల అనుకునేరు. అది పెద్ద కార్ఖానా. ఆసుపత్రులూ హోటళ్ళూ వాడి పారేసిన దుప్పట్లు లారీల కొద్దీ వచ్చి పడతాయక్కడ. ఆవిరితో కాగే ఇనుప రోలర్ ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి, తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా లాగి దాని నోటికి అందించాలి. లాగడంలో ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే దుప్పటి వంకర పోతుంది, లోపలే చుట్టుకుంటుంది, సూపర్‌వైజరు నోరు తెరుస్తాడు. ఒక కొస ఎందుకమ్మది. రెండో కొస పిన్నిది. పిన్ని ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, అందరికీ పిన్నే.

ఎందుకమ్మ కరెంటు చదువులో చేరడానికి కారణం ఆ రోలరే. అది మొరాయించినప్పుడల్లా బయటి నుంచి మెకానిక్ వస్తాడు. పక్కనున్న కరెంటు పెట్టె మూత విప్పే ముందు ఆడవాళ్ళను దూరం జరగమంటాడు.

"ఎందుకు జరగాలి? చూస్తే అరిగిపోతుందా?" అని అడిగింది ఒకసారి.

"చూస్తే నీకేం బోధపడుద్దమ్మా?" అన్నాడతను, నవ్వుతూనే.

ఆ నవ్వు ఆమెకు ముల్లులా దిగింది. ఆ వారమే కాలేజీలో పేరు రాయించుకుంది. ఆ పెట్టె మూత తన చేత్తో తియ్యాలి, లోపల ఏముందో తన కళ్ళతో చూడాలి. చదువంటే వికాసమనీ వెలుగనీ వేదికలెక్కి చెప్పేవాళ్ళు చెప్పుకోనివ్వండి. మూత వేసి ఉన్న పెట్టెలో ఏముందో చూడాలనుకోవడం కన్నా పెద్ద కారణం చదువుకి ఇంకోటి లేదు.

క్లాసుకి ఫోనులో ఒక గ్రూపు ఉండేది. కాలేజీ వాళ్ళు పెట్టిందే. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం నీతి వాక్యాలు, రాత్రికి చందమామ. మేష్టారు సెలవు పెడితే అందరూ కలిసి బొటనవేళ్ళు ఎత్తేవాళ్ళు. అంతమంది మనుషులున్న చోట ఒక్క మనిషి మాట లేదు.

ఒక సెలవు రోజున ఎందుకమ్మ ఇంకో గ్రూపు పెట్టింది. దాని పేరు 'పగలు ఏం చేస్తారు?' చేరే లింకు పాత గ్రూపులో పడేసి, కొత్తదాంట్లో ఇలా రాసింది: "పువ్వులు పంపితే తోసేస్తా. నీతులు పంపితే తోసేస్తా. మీరు పనిలో ఉన్నప్పుడు మీ చుట్టూ వచ్చే చప్పుడు కాస్త రికార్డు చేసి పెట్టండి. మాటలొద్దు, ఫోటోలొద్దు. మీరేం పని చేస్తారో మేం కనిపెడతాం. మావల్ల కాకపోతే మర్నాడు క్లాసులో మీరే చెయ్యెత్తి చెప్పాలి."

"ఫోటోలు పెడితే తప్పేంటే?" అంది అక్క, భుజం మీంచి తొంగి చూసి.

"ఫోటో అంటే అందరూ తల దువ్వుకుని వస్తారు. చప్పుడుకి తల దువ్వలేరుగా."

"నీకు పనిలేక పిల్లి తల గొరిగినట్టుంది."

"ఆ పిల్లి ఎవరో కూడా తెలుసుకోవాలనుంది."

మొదట ఎవరూ కదల్లేదు. చివరికి తానే తన రోలర్ చప్పుడు పెట్టింది. రైలన్నారు కొందరు, సముద్రమన్నారు ఇంకొందరు. ముందు బెంచీలో కూర్చునే పెద్దాయన, నెరిసిన మీసాల మనిషి, క్లాసంతా బాబాయి అని పిలిచే ఆయన, "ఇది మా ఆవిడ గురకే. నా దగ్గర ఎప్పుడు దొంగిలించావమ్మా?" అని రాశాడు. మర్నాడు ఎందుకమ్మ చెయ్యెత్తి లాండ్రీ సంగతంతా చెప్పింది. రోలర్ గురించి చెప్పింది, పిన్ని గురించి చెప్పింది, మేడ మీది అద్దాల గదిలో చల్లగా కూర్చుని కిందివాళ్ళను చీమల్ని చూసినట్టు చూసే ఆఫీసు వాళ్ళ గురించి కూడా చెప్పింది. ఆ చివరిది కాస్త ఎక్కువే చెప్పింది.

ఇక గట్టు తెగింది. రోజూ నెత్తి నిండా తెల్లటి పొడితో వచ్చే కుర్రాడొకడున్నాడు. సుద్దతల అనేవాళ్ళు. పిండి మిల్లులో పనేమో అని అందరూ అనుకున్నారు. వాడు పెట్టిన చప్పుడు గీరుమంటూ పళ్ళు పులిసేలా ఉంది. నిజంగానే అది పళ్ళ చప్పుడు! వాడు కట్టుడు పళ్ళు చేసే చోట సుద్ద అచ్చులు అరగదీస్తాడు. "ఊళ్ళో ముసలాళ్ళు నవ్వుతున్నారంటే నా చలవే" అన్నాడు చెయ్యెత్తి. ఆ రోజు విరామంలో సగం క్లాసు వాడి ముందు నోళ్ళు తెరిచి నిలబడింది.

బాబాయి పెట్టిన దాంట్లో చప్పుడే లేదన్నారు ముందు. బాగా చెవి పెడితే ఏదో మెల్లగా పైకి లేచి, ఆగి, కిందికి దిగుతోంది. సైకిలు పంపన్నారు, కొలిమి తిత్తన్నారు, నిద్రపోతున్న పిల్లి అన్నారు. బాబాయి లేచి నిలబడి చెప్పాడు. మంచం పట్టిన ఒక ముసలాయన్ని పగలంతా కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. అది ఆ ముసలాయన ఊపిరి. "ఆయన పీల్చినంత కాలం నాకు ఉద్యోగం" అన్నాడు. నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆయనే నవ్వాక అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచి క్లాసులోకి అడుగుపెడుతూనే ఎవరో ఒకరు, "బాబాయ్, మీ పెద్దాయన ఎలా ఉన్నాడు?" అని అడగడం మొదలుపెట్టారు. ఏడాదికి పైగా ఒకే గదిలో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగిన మొదటి ప్రశ్న అది.

అప్పుడు వచ్చింది మేక చప్పుడు.

మేక అంటే పేరు లేని ఒక నంబరు. ఫోటో స్థానంలో మేక బొమ్మ ఉంది. ఎవరో తెలియదు. చప్పుడు ఇంతే: టిక్. కాస్త ఆగి, టిక్. మళ్ళీ టిక్ టిక్. గడియారాలు బాగు చేస్తావా అన్నారు. గోళ్ళు కత్తిరిస్తావా అన్నారు. కోడి గింజలు ఏరుతోంది, కోళ్ళఫారమే అని సుద్దతల పందెం కాశాడు. మేక ఔననలేదు, కాదనలేదు. మర్నాడు క్లాసులో ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ మర్నాడూ అంతే.

"గడ్డి నోట్లో పెట్టుకుని కూర్చుంది మేక" అన్నాడు బాబాయి. మిగతావాళ్ళు వదిలేశారు. ఎందుకమ్మ వదిలే రకమా!

ఆ రోజుల్లోనే ఆమె ఫోనుకి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. వచ్చే నెల నుంచి ఆమె డ్యూటీ సాయంత్రం పూటకి మారింది. అంతే. ఎవరు మార్చారో లేదు, కారణం లేదు. ఆ మెసేజ్‌కి తిరిగి మెసేజ్ పంపితే పోదు. గోడకి చెప్పుకున్నట్టే.

సాయంత్రం డ్యూటీ అంటే సాయంత్రం క్లాసు లేనట్టే. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. మళ్ళీ మొదటి నుంచి రావాలి. అలా మళ్ళీ వచ్చినవాళ్ళు ఆ కాలేజీలో ఒక్కరూ లేరు. సూపర్‌వైజరుని అడిగింది. "పైనుంచి వచ్చిందమ్మా, నా చేతుల్లో ఏముంది?" అని రెండు చేతులూ చూపించాడు. చేతుల్లో ఏమీ లేదు నిజమే, ఎప్పుడూ ఉండదు. అడిగేవాళ్ళకి చూపించడానికే కొందరికి చేతులు ఖాళీగా ఉంచుతారు.

ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తలానించి, ఆలోచన మళ్ళించుకోవడానికి మేక చప్పుడు మళ్ళీ పెట్టుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. టిక్... టిక్... ఆ వెనక, ఎక్కడో దూరంగా, దిండు కింద పెట్టి నొక్కినట్టు ఒక కూత. సైరన్. మొదలై, మధ్యలో వెక్కి, ఆగి, మళ్ళీ మొదలైంది.

ఎందుకమ్మ నిటారుగా కూర్చుంది. వెక్కిళ్ళు పెట్టే సైరన్ ఈ భూమ్మీద ఒకటే ఉంది. అది వాళ్ళ లాండ్రీది, పని ఆపే వేళా మళ్ళీ మొదలుపెట్టే వేళా కూసేది. బాగు చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోని సైరన్.

అంటే తన క్లాసులో ఒకరు తన కంపెనీలోనే ఉన్నారు! తనతో పాటు అదే గేట్లోంచి వచ్చి, అదే గదిలో కూర్చుని చదువుతున్నారు. ఎవరు? ఎందుకు చెప్పలేదు? వాళ్ళకీ డ్యూటీ మారిందా? మారితే ఇంకా మంచిది. పైకి ఒక్కరు వెళ్తే ఏడుపంటారు, ఇద్దరు వెళ్తే సమస్యంటారు.

మర్నాడు అన్నం వేళకి బాయిలర్ గదికి వెళ్ళింది. ఆవిరి గొట్టాల కవాటాలు టిక్కుటిక్కుమంటాయని ఆమెకి తెలుసు. అక్కడ పని చేసేది ఒక్కడే, బాయిలర్ మామ, ఎర్ర కళ్ళ మనిషి.

"మామా, నువ్వు మేకవా?" అంది.

"ఏంటమ్మాయ్?"

"సాయంత్రం కాలేజీలో మా క్లాసా నువ్వు?"

బాయిలర్ మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను ఐదో క్లాసులో చదువుకి దణ్ణం పెట్టినోణ్ణి. ఇప్పుడు మీ అత్త నన్ను కాలేజీకి పంపిస్తే బాగుండు, ఇంట్లో గోల తప్పుద్ది."

అంతలో సైరన్ కూసింది. సరిగ్గా నెత్తి మీదే ఉంది అది. ఎందుకమ్మ చెవులు మూసుకుని ఎగిరి గోడకి అంటుకుపోయింది. అలా అంటుకుని ఉండగానే ఆమెకి తట్టింది. ఇక్కడ రికార్డు చేస్తే టిక్కు వినబడదు, సైరన్ ఒక్కటే వినబడుతుంది. మేక ఉన్న చోట సైరన్ దిండు కింద ఉంది. గట్టిగా మూసిన తలుపులు, మందపాటి అద్దాలు. ఈ కార్ఖానాలో అలాంటి చోటు ఒకటే.

తలెత్తి మేడ వైపు చూసింది. అద్దాల వెనక తలలు కదులుతున్నాయి. పైవాళ్ళు పిలవకుండా కిందివాళ్ళు ఆ మెట్లెక్కకూడదు. పిలిచింది ఆమె ఎప్పుడూ చూడలేదు. మేకకి విడిగా రాసింది: "నువ్వు మా లాండ్రీలో మేడ మీద ఉంటావా?" మేక చదివింది. జవాబు లేదు.

సరే, పలకని మేకని పట్టుకోవడం ఎలాగో ఆమెకి తెలుసు. సైరన్ కూసినప్పుడు లాండ్రీలో ప్రతి ఒళ్ళూ దానంతటదే ఏదో ఒకటి చేస్తుంది. రోలర్ దగ్గరివాళ్ళ చేతులు వెనకనున్న ఏప్రన్ ముడి మీదకి పోతాయి. పిన్ని అయితే సెలవు రోజున ఇంట్లో అంబులెన్స్ కూత విన్నా ముడి కోసం తడుముకుంటుంది. ఎందుకమ్మ సైరన్‌ని ఫోనులో పట్టింది. సాయంత్రం క్లాసులో, మేష్టారు బోర్డు తుడుస్తున్నప్పుడు, ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా మోగించింది.

గదంతా ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది. "దున్నపోతుకి వెక్కిళ్ళా అమ్మా?" అన్నాడు బాబాయి. ఎందుకమ్మ మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది. మూల బెంచీలో, ఎప్పుడూ నోరు విప్పని, చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకునే కుర్రాడు సగం లేచాడు. అతని చెయ్యి మెడ దగ్గరికి పోయి, అక్కడ లేని గుర్తింపు కార్డు తాడుని వెతుక్కుంది.

దొరికింది మేక.

"ఎవరిదా ఫోను?" అన్నాడు మేష్టారు.

"నాదేనండీ."

"ఎందుకమ్మా ఇప్పుడది?"

మేష్టారికి ఆమె ముద్దుపేరు తెలియదు పాపం. క్లాసు క్లాసంతా ఎందుకు పగలబడి నవ్విందో ఆయనకి అర్థం కాలేదు.

విరామంలో ఎందుకమ్మ వరండా చివర నీళ్ళ కుళాయి దగ్గర అతన్ని నిలేసింది.

"ఏయ్ మేకా, నువ్వు మేడ మీద ఏం చేస్తావు?"

అతను కుళాయి వైపు చూస్తూ మాట్లాడాడు. "కంప్యూటర్ పనక్కా."

"టిక్కు టిక్కుమని ఏం నొక్కుతున్నావు దాంట్లో?"

"డ్యూటీలు."

"ఏం డ్యూటీలు?"

"అందరివీ. ఎవరు ఏ పూటో. మేనేజరు గారు చెబుతారు, నేను మారుస్తాను."

కుళాయి కారుతోంది. ఎందుకమ్మకి కాసేపు ఏం అడగాలో తోచలేదు. అలాంటిది ఆమెకి ఎప్పుడూ జరగలేదు.

"ఆ చప్పుడు ఏ రోజుది?"

"వచ్చే నెలవి చేసిన రోజుది."

"అయితే ఆ టిక్కుల్లో ఒకటి నేనే."

"తెలీదక్కా. నాకు నంబర్లే కనబడతాయి. ఓవర్‌టైమ్ వద్దన్నవాళ్ళను సాయంత్రానికి వేసెయ్యమన్నారు. వేసేశాను."

"ఓవర్‌టైమ్ ఎందుకు వద్దన్నానో తెలుసా? ఇక్కడికి రావాలని. నువ్వు కూర్చునే ఈ గదికే. నంబరు ఎవరిదో చూసుకోవచ్చు కదయ్యా, ఒక్క నొక్కు నొక్కితే పేరు రాదా?"

"వస్తుంది." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "చూడకపోతేనే చేతులు ఆడతాయక్కా."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం కన్నా ముందు ఇంకోటి వచ్చింది. "మరి ఆ చప్పుడు గ్రూపులో ఎందుకు పెట్టావు?"

"అందరూ పెడుతున్నారుగా. బాబాయిని రోజూ అందరూ పలకరిస్తుంటే... నాకూ పెట్టాలనిపించింది. పెట్టాక చెప్పడానికి నోరు రాలేదు. మీరు మొదటి రోజే చీమలూ అద్దాలూ అని దులిపేశారుగా."

"ఆ, దులిపాను. అబద్ధం చెప్పానా?"

"లేదు."

గంట కొట్టారు. అతను రెండడుగులు వేసి ఆగి, గొంతు తగ్గించాడు. "మీ నంబరు చెప్పండక్కా. పొద్దుటి పూటకి మార్చేస్తాను. ఇంకెవరిదో ఒక నంబరు అక్కడ పెడితే సరి. లెక్క సరిపోతే మేనేజరు గారు చూడరు."

"ఎవరి నంబరు?"

"ఎవరిదైనా. చూడకుండా పెట్టొచ్చు."

ఎందుకమ్మ రేపు చెబుతానంది. గభాల్న వద్దని ఎగిరి గంతేసేంత పుణ్యాత్మురాలేం కాదు. ఒక్క టిక్కు. ఏడాది దక్కుతుంది, పెట్టె మూత దక్కుతుంది.

"ఇందులో ఆలోచించడానికేముందే?" అంది అక్క, సంగతంతా విని. "కాళ్ళ దగ్గరికి వచ్చిన అదృష్టాన్ని తన్నుకుంటావా? మార్పించెయ్."

"నా బదులు పడేది ఎవరో?"

"ఎవరైతే నీకేం? నిన్ను వేసినప్పుడు ఎవరైనా ఆలోచించారా?"

"అదే కదక్కా నా ఏడుపు."

బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. మామూలుగా ఆ ఇంట్లో ఆయన మాట అందరి తర్వాత వస్తుంది. "ఎవరికైనా సాయంత్రమే కావాలేమో, అడిగి చూడు" అన్నాడు.

"సాయంత్రం డ్యూటీ కావాలని ఎవరు కోరుకుంటారండీ, మతిపోయిందా?" అంది అక్క.

ఇది ఆమెకి తట్టని ప్రశ్న. లాండ్రీలో చేరిన నాటి నుంచీ ఆవిరి ఎందుకు, సైరన్ ఎందుకు, మెట్లెక్కకూడదని ఎందుకు అని అన్నీ అడిగింది. నీకు ఏ పూట కావాలని పక్కనున్న మనిషిని ఎప్పుడూ అడగలేదు. అడగకుండానే జవాబు తెలుసనుకుంది. అచ్చం మేడ మీదివాళ్ళలాగే.

మర్నాడు అన్నాల వేళ డబ్బాలు విప్పుతుండగా గట్టిగా అడిగేసింది. "మీలో సాయంత్రం డ్యూటీ కావలసిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

నమలడం ఆగిపోయింది. "ఎందుకే? ఆఫీసు వాళ్ళు అడిగి రమ్మన్నారా?" అంది పిన్ని అనుమానంగా.

"లేదు పిన్నీ. నేనే అడుగుతున్నా."

ఎందుకమ్మ దాచుకోలేదు, క్లాసు సంగతీ మెసేజ్ సంగతీ చెప్పింది, మేక పేరు మాత్రం మింగేసింది. అంతా విన్నాక ఆ చివరి నుంచి ఒక గొంతు వచ్చింది. తువ్వాళ్ళ దగ్గర పని చేసే ఆమె, తువ్వాళ్ళ వదిన.

"నాకు కావాలి."

అందరూ అటు తిరిగారు.

"మా ఆయనది రాత్రి కాపలా. ఆయన పొద్దున్న గుమ్మంలోకి వచ్చేసరికి నేను గుమ్మం దాటుతుంటా. నేనొచ్చేసరికి ఆయన చెప్పులేసుకుని ఉంటాడు. తాళంచెవి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోవడమే కాపురం. సాయంత్రం డ్యూటీ అయితే మధ్యాహ్నం కలిసి అన్నమన్నా తింటాం."

"అన్నమేనా వదినా?" అంది ఎవరో. గది గొల్లుమంది. తువ్వాళ్ళ వదిన మొహం కందిపోయింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. "అన్నంతో మొదలెడతాం" అంది.

"ఇన్నాళ్ళూ ఆఫీసులో అడగలేదేం?"

"ఎవర్ని అడగాలే? ఎవరైనా కనబడితే కదా!"

ఆ తర్వాత అన్నాలు చల్లారిపోయాయి. ఒకామెకి పిల్లాడి బడి కోసం పొద్దున కావాలి, వచ్చే నెల నుంచి సాయంత్రంలో పడేశారు. ఇంకొకామెకి ఏదైనా ఫరవాలేదు గానీ నెలనెలా మారకుండా ఉంటే చాలు. పిన్ని సైతం నోరు విప్పింది. తెల్లవారుజామున మోకాళ్ళు పట్టేస్తాయట. ఎన్నో ఏళ్ళుగా ఎందుకమ్మ పక్కనే నిలబడి కొస పట్టుకుంటోంది, ఒక్కసారి చెప్పలేదు. "నువ్వు అడగలేదుగా" అంది. ఎందుకమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర మేకతో చెప్పింది. "నా బదులు తువ్వాళ్ళ వదినని వెయ్యి. ఆమెకే కావాలట. దొంగతనంగా వద్దు. ఇద్దరు మనుషులు మార్చుకుంటున్నారని మేనేజరుకి చెప్పి వెయ్యి."

మేక అడ్డంగా తల ఊపాడు. "చెప్పి వెయ్యాలంటే అడగాలి. అడిగితే నీకెలా తెలిసిందంటారు. ఎవరికీ చెప్పకుండా చేసేస్తానంటే వినరేంటక్కా?"

"చెప్పకుండా చేస్తే ఒక్కసారి జరుగుతుంది. వచ్చే నెల మళ్ళీ నీ కాళ్ళు పట్టుకోవాలి. నీ కాళ్ళు పట్టుకోవడం నాకు ఇష్టం లేదు, నీకూ బాగుండదు."

అతను క్లాసులోకి వెళ్ళిపోయాడు. ఎందుకమ్మకి అనుమానం పట్టుకుంది. చేతికందిన దాన్ని తనే నేలపాలు చేసుకుందేమో. రాత్రి అన్నం తింటుండగా ఫోను మోగింది. 'పగలు ఏం చేస్తారు?' గ్రూపులో మేక రాశాడు, మొదటిసారి:

"ఆ టిక్కులు నావే. మూల బెంచీ. ఎందుకమ్మ గారి లాండ్రీలో మేడ మీద డ్యూటీలు మార్చేది నేను. ఆవిడ డ్యూటీ కూడా నేనే మార్చాను. రేపు మేనేజరు గారితో మాట్లాడాలి. నాకు భయంగా ఉంది."

చదివినట్టు గుర్తులు ఒక్కొక్కటే పడుతున్నాయి. చివరికి సుద్దతల రాశాడు: "కోళ్ళఫారం అని కాసిన పందెం ఓడించావు కదరా. రేపటి నుంచి ముందుకొచ్చి కూర్చో, మూలలో ఎవరూ కనబడరు." బాబాయి రాశాడు: "మాట్లాడే ముందు ఒకసారి ఊపిరి పూర్తిగా వదులు నాయనా. మా పెద్దాయనకి అదే చెబుతుంటా."

మర్నాడు సాయంత్రం మేక క్లాసుకి ఆలస్యంగా వచ్చాడు. రెండో బెంచీ దాకా వచ్చి ఎందుకమ్మ పక్కన కూర్చున్నాడు. మేష్టారు బోర్డు వైపు తిరగగానే ఆమె గుసగుసగా, "ఏమన్నాడు?" అంది.

"ఔననలేదు, కాదనలేదు. 'ఎవరి పూట వాళ్ళే తేల్చుకుంటే ఇక నువ్వెందుకయ్యా?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"తెలీదండీ అన్నాను. అందరూ నవ్వారు. తర్వాత, 'నీకంత సరదాగా ఉంటే కిందికి పోయి ఒక్కొక్కర్నీ అడిగి రా. మొత్తం అందర్నీ. లెక్క సరిపోకపోయిందో, నీ సంగతి చెబుతా' అన్నారు."

"అది శిక్ష అనుకుంటున్నాడా ఆయన?"

"శిక్షే అక్కా. నేను ఎప్పుడూ కిందికి దిగలేదు."

రెండు రోజుల తర్వాత అతను దిగాడు. అద్దాల తలుపు తెరుచుకుని ఇనుప మెట్ల మీద బిక్కుబిక్కుమంటూ వస్తున్న ఆ గుండీల చొక్కాని చూసి ఒక్కొక్క యంత్రం దగ్గరా తలలు లేచాయి. ఆవిరికి అతని కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుని పెట్టుకుంటే మళ్ళీ మసకబారింది. "దారి తప్పావా బాబూ?" అని ఒకామె, "కళ్ళజోడు తీసెయ్ నాయనా, మేం అంత భయంకరంగా ఉండం" అని ఇంకొకామె. అతను ఒక్కొక్కరి దగ్గరా ఆగుతున్నాడు. ముందు పేరు అడుగుతున్నాడు. తర్వాత ఏ పూట కావాలో అడుగుతున్నాడు. తువ్వాళ్ళ వదిన చేతిలో పని ఆపకుండానే, తడుముకోకుండా, సాయంత్రం అంది. అక్కడ మళ్ళీ నవ్వులు. లెక్క సరిపోతుందో లేదో ఎవరికీ తెలియదు. సాయంత్రం అన్నవాళ్ళు ఎంతమందో వేళ్ళ మీద లెక్క పెట్టుకోవాలని ఎందుకమ్మకి ఉంది గానీ, రెండు చేతుల్లోనూ తడి దుప్పటి ఉంది.

చివరికి రోలర్ దగ్గరికి వచ్చాడు. క్లాసులో పక్కన కూర్చున్నవాడే. అయినా ఇక్కడ కొత్తవాడిలా నిలబడి, గొంతు సవరించుకుని, అందరినీ అడిగినట్టే ఆమె పేరు అడిగాడు. ఆమె అసలు పేరు చెప్పింది. ఆ పేరు ఆమెకే కొత్తగా వినబడింది.

"మీకు ఏ పూట కావాలండీ?"

జవాబు తెలుసు. రాత్రింబవళ్ళు అదే జపిస్తోంది. తీరా ఎదురుగా ఒక మనిషి నిలబడి, తన మొహంలోకి చూస్తూ, తను చెప్పేదాకా ఆగి ఉంటే, నోట మాట రాలేదు. ఇన్నేళ్ళ పనిలో ఆమెను ఈ మాట ఎవరూ అడగలేదు. ఎలా ఉంటుందో అని చూస్తున్నట్టు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది.

"చెప్పవే తల్లీ!" అని అరిచింది పిన్ని అవతలి కొస నుంచి. "దుప్పటి వంకర పోతోంది!"

"పొద్దున" అంది.